85 అని రాసిన హెడ్‌ఫోన్లా, తాళం వేసిన ఫోనా, లెక్క చెప్పే ఫోనా: ఎవరి చెవికి ఏది తగును?

విజయవాడ బీసెంట్ రోడ్డులో ఇయర్‌ఫోన్లు కొనబోతే దుకాణంలో మొదట వినిపించే మాట "బేస్ గట్టిగా కొడుతుంది సార్" అన్నదే. ఎంత గట్టిగా అని అడిగేవారు తక్కువ, అడిగితే జవాబు చెప్పగలిగేవారు ఇంకా తక్కువ. పిల్లల కోసం అని చెబితే మాత్రం 85 డెసిబెల్స్ మించదని ముద్రించిన రంగుల డబ్బా ఒకటి అరలోంచి దిగుతుంది. మా మేనల్లుడికి నేను అటువంటిదే కొన్నాను, ఆ అంకెను చూసి నిశ్చింతగా ఉన్నాను. ఆ నిశ్చింత ఎందుకు నిలవలేదో కింద చెబుతాను. సౌండుకు హద్దు పెట్టే పద్ధతులు ఇప్పుడు నాలుగైదు రకాలుగా దొరుకుతున్నాయి, వాటిలో ఏదీ అందరికీ సరిపోదు. ఎవరి చెవి, వారానికి ఎన్ని గంటలు, చుట్టూ ఎంత రొద అన్న మూడు ప్రశ్నలకు జవాబు తెలియకుండా డబ్బా మీది అంకెను బట్టి ఎంచుకుంటే పొరపాటు పడే అవకాశమే ఎక్కువ.

ముందుగా ఆ అంకెల పుట్టుక తెలుసుకోవాలి. చేతిలో పట్టుకు తిరిగే సంగీత పరికరాలకు చట్టం ద్వారా హద్దు పెట్టిన తొలి దేశాల్లో ఫ్రాన్స్ ఒకటి. అక్కడ 1996లో 100 డెసిబెల్స్ గరిష్ఠమని చట్టం చేశారు. ఆ హద్దు దాటుతోందన్న కారణంగా 2002లో ఐపాడ్ అక్కడి దుకాణాల అరల నుంచి దిగిపోయి, సౌండును తగ్గించే సాఫ్ట్‌వేర్ మార్పు తరువాతనే తిరిగి వచ్చింది. 2008లో ఐరోపా సమాఖ్య నియమించిన శాస్త్రీయ సంఘం, ఎక్కువ సౌండుతో రోజుకు గంటకు పైగా అయిదేళ్లపాటు వినేవారిలో 5 నుంచి 10 శాతం మందికి శాశ్వతంగా వినికిడి దెబ్బతినే ప్రమాదం ఉందని అభిప్రాయపడింది. మరుసటి ఏడాది ఐరోపా కమిషన్ కొత్త భద్రతా ప్రమాణం తయారు చేయమని ఆదేశించగా, అది 2013 నుంచి అక్కడ అమలులోకి వచ్చింది. దాని ప్రకారం పరికరం మామూలుగా 85 డెసిబెల్స్ దగ్గర ఆగాలి. అంతకు మించి పెంచాలంటే వినేవారు హెచ్చరిక చదివి ఒప్పుకోవాలి. ఒప్పుకున్నా 100 దాటకూడదు, ఇరవై గంటలు విన్న తరువాత ఆ హెచ్చరిక మళ్లీ రావాలి. అంటే ఆ నియమంలో 85 అన్నది గోడ కాదు, గడియ వేసిన తలుపు మాత్రమే. వినేవారు కావాలనుకుంటే గడియ తీసుకోవచ్చు.

మన బంధువులు జర్మనీ నుంచో నెదర్లాండ్స్ నుంచో ఫోన్ తెచ్చి ఇచ్చినప్పుడు "దీంట్లో సౌండ్ రావడం లేదండీ, పీసు బాగోలేదేమో" అని అనుమానపడటం నేను విన్నాను. చాలాసార్లు అది లోపం కాదు, ఆ ప్రాంతానికి తగినట్లు ముందే పెట్టిన హద్దు.

2013 నాటి ఆ ఐరోపా నియమం శబ్దం ఎంత ఎత్తున ఉందో చూస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం కలిసి 2018లో తెచ్చిన ప్రమాణం ఎత్తునూ కాలాన్నీ కలిపి చూస్తుంది. పెద్దలకు 80 డెసిబెల్స్ చొప్పున వారానికి 40 గంటలు, పిల్లల వంటి సున్నితమైనవారికి 75 డెసిబెల్స్ చొప్పున 40 గంటలు అని అది లెక్క కట్టింది. ఇందులో మరచిపోకూడని సూత్రం ఒకటుంది. డెసిబెల్ లెక్కలో మూడు పెరిగితే చెవిలోకి వెళ్లే శబ్దశక్తి రెట్టింపవుతుంది, కాబట్టి వినదగిన కాలం సగమవుతుంది. పెద్దవారికి 80 దగ్గర 40 గంటలైతే 83 దగ్గర 20, 86 దగ్గర 10, 89 దగ్గర 5 గంటలు, 92 దగ్గర వారమంతటికీ రెండున్నర గంటలే. పది డెసిబెల్స్‌కు పది రెట్లు తేడా వస్తుందని గుర్తు పెట్టుకుంటే పిల్లల లెక్క నోటితోనే చేయవచ్చు. 75 దగ్గర 40 గంటలు కాబట్టి 85 దగ్గర 4 గంటలు. ఆ నాలుగు గంటలు వారమంతటికీ! పిల్లలకు క్షేమమని అమ్ముతున్న హెడ్‌ఫోన్లను పూర్తి సౌండుతో రోజుకు రెండు గంటలు వాడే పిల్లవాడికి సోమవారం మొదలుపెడితే మంగళవారం రాత్రికే ఆ వారపు కోటా అయిపోతుందన్నమాట. ఈ ఒక్క లెక్క తెలిశాక డబ్బా మీది 85ను నేను మునుపటి కళ్లతో చూడలేకపోయాను.

మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని హద్దు పెట్టాయి గాని, అవి మైకులకూ వీధి మోతకూ సంబంధించినవి, చెవిలో పెట్టుకున్న పరికరానికి కావు. 2025 ఫిబ్రవరిలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ ఒక సూచన ఇచ్చింది. శబ్దం 50 డెసిబెల్స్ మించని పరికరాలు వాడాలనీ, రోజుకు రెండు గంటలకు మించి వినవద్దనీ, మధ్యలో విరామం ఇవ్వాలనీ దాని సారాంశం. ఇందులో రెండు గంటల మాట ఆచరించదగినది. 50 మాత్రం ఇద్దరు మనుషులు ఎదురెదురుగా మాట్లాడుకునే స్థాయి కన్నా తక్కువ. నిశ్శబ్దమైన గదిలో తప్ప ఏలూరు రోడ్డు మీద అది వినిపించదు, వినిపించని హద్దును ఎవరూ పాటించరు. ఇక డబ్బా మీద కనిపించే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ గుర్తు ప్రధానంగా విద్యుత్తు, వేడి, మంట వంటి ప్రమాదాలకు సంబంధించినది. దాన్ని సౌండుకు హామీగా తీసుకోకూడదు.

ఇప్పుడు ఎంపికల దగ్గరికి వద్దాం.

మొదటిది, హెడ్‌ఫోన్లలోనే హద్దు ఉన్న రకం. తీగ ఉన్నవాటిలో సాధారణంగా ఒక రెసిస్టర్ పెట్టి ఫోను పంపే విద్యుత్ సంకేతాన్ని తగ్గిస్తారు. ఇది చవకైన, తేలికైన ఉపాయమే గాని, ఆ హద్దు అవతలి పరికరం ఎంత బలంగా పంపుతుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఫోనుకు తగిలించినప్పుడు 85 దగ్గర ఆగేది, బలమైన ఆంప్లిఫయర్ ఉన్న పరికరానికి తగిలిస్తే ఆగకపోవచ్చు. తీగ లేని బ్లూటూత్ రకంలో ఆంప్లిఫయర్ హెడ్‌ఫోన్ లోపలే ఉంటుంది కాబట్టి తయారీదారు తలచుకుంటే హద్దును ఇంకా నమ్మకంగా పెట్టగలడు. తలచుకుంటే అన్న మాట ఎందుకంటే, 2016లో అమెరికాలో వైర్‌కట్టర్ అనే వస్తు సమీక్షా సంస్థ పిల్లల హెడ్‌ఫోన్లు 30 రకాలు పరీక్షించగా దాదాపు సగం తాము చెప్పిన హద్దుకు కట్టుబడి లేవని తేలింది.

మా ఇంటికి వచ్చినదాని సంగతి వేరు. దాని హద్దు హెడ్‌ఫోనులో కాక, విడిగా వచ్చే తీగలో ఉంది. తీగ ఒక కొనను ఫోనుకు పెడితే సౌండు తక్కువ, అదే తీగను తిప్పి పెడితే పూర్తి సౌండు. ఈ సంగతి డబ్బా లోపలి కాగితంలో చిన్న అక్షరాలతో ఉంది, నేను చదవలేదు. ఎనిమిదేళ్ల పిల్లవాడు చదవకుండానే రెండో రోజున కనిపెట్టాడు. కాబట్టి తీగ ఉన్నది కొనేటప్పుడు అది ఊడి వచ్చేదా కాదా, హద్దు తీగలో ఉందా లోపల ఉందా అని అడగండి. దుకాణదారు చెప్పలేకపోతే అక్కడే తిప్పి పెట్టి విని చూడండి, అర నిమిషం పని.

రెండోది, ఫోనులోనే తాళం వేయడం. శామ్‌సంగ్ ఫోన్లలో సౌండ్ సెట్టింగుల కింద మీడియా వాల్యూమ్ లిమిట్ అని ఉంటుంది, దానికి పిన్ కూడా పెట్టవచ్చు. ఐఫోనులో హెడ్‌ఫోన్ భద్రత అన్న చోట పెద్ద శబ్దాలను తగ్గించే అమరిక ఉంది, 75 నుంచి 100 డెసిబెల్స్ వరకు మనకు కావలసిన అంకె పెట్టుకోవచ్చు. స్క్రీన్ టైమ్ నుంచి ఆ అమరికను పిల్లలు మార్చకుండా బిగించవచ్చు. ఈ రెండూ చూడటానికి ఒకటే అనిపించినా తేడా పెద్దదే. మొదటిది వాల్యూమ్ మెట్టును మాత్రమే ఆపుతుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పదిహేను మెట్లుంటాయి, తొమ్మిదో మెట్టు దగ్గర ఆపామంటే అది ఒక ఇయర్‌ఫోనులో 75, మరొకదానిలో 90 కావచ్చు. రెండోది డెసిబెల్‌ను అంచనా వేసి ఆపుతుంది, అయితే ఆ సంస్థ సొంత ఇయర్‌ఫోన్లతో ఆ అంచనా కచ్చితంగా ఉంటుంది, బయటి వాటితో ఊహే. అందువల్ల మెట్టుకు తాళం వేసే ఇళ్లలో ఆ ఫోనుకు ఒకే హెడ్‌ఫోన్ అని నియమం పెట్టుకోవడం అవసరం. ఇంకొక చిక్కు ఏమిటంటే, కొన్ని నెక్‌బ్యాండ్లు తమ సొంత మీటతో ఫోనుకు తెలియకుండానే సౌండు పెంచుకోగలవు. సౌండ్ బూస్టర్ పేరుతో దొరికే యాప్‌ల సంగతి చెప్పనక్కరలేదు, తాళం వేసిన ఫోనులో అవి ఉంటే ముందు తీసేయాలి.

మూడోది, అడ్డు పెట్టకుండా లెక్క చెప్పే రకం. ఐఫోను గత ఏడు రోజుల్లో విన్నదంతా కూడి, 80 డెసిబెల్స్ చొప్పున 40 గంటలకు సమానమైన మోతాదు దాటితే కబురు చెబుతుంది. ఆండ్రాయిడ్‌లో 14వ వెర్షన్ నుంచి ఇటువంటి మోతాదు లెక్క వచ్చింది. వివేకం ఉన్న పెద్దవారికి నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా మర్యాదైన పద్ధతి. ఎందుకంటే ఒక మంచి పాటను పది నిమిషాలు గట్టిగా వినడాన్ని అది నేరంగా చూడదు, దాని ఖర్చును వారపు ఖాతాలో రాస్తుంది, అంతే. పిల్లలకు మాత్రం ఇది పనికిరాదు. హెచ్చరిక పెట్టెను మూసేయడం వారికి కన్ను మూసి తెరిచినంత పని.

నాలుగోది సౌండును ఆపే పద్ధతి కాదు, సౌండు పెంచవలసిన అవసరాన్ని తగ్గించే పద్ధతి. విజయవాడ, గుంటూరు వాసులకు అన్నిటికన్నా ఎక్కువగా పనికివచ్చేది ఇదేనని నా అభిప్రాయం కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. గుంటూరు బ్రాడీపేటలో ఇల్లు, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర కాలేజీయో కొలువో ఉన్న మనిషిని తీసుకోండి. రానుపోను రోజుకు రెండు గంటలు, వారానికి ఆరు రోజులు, మొత్తం పన్నెండు గంటలు బస్సులో పాటలు వింటాడు. పెద్దల లెక్కలో పన్నెండు గంటలకు సరిపోయేది సుమారు 85 డెసిబెల్స్. అంటే ఆ హద్దులోనే విన్నా ప్రయాణంతోనే వారపు కోటా పూర్తవుతుంది, ఇంటి దగ్గర వినడానికి ఏమీ మిగలదు. పైగా బస్సులో ఆ హద్దు నిలవదు. ఇంజను హోరు, కిటికీ గాలి, మంగళగిరి దగ్గర లారీల హారన్లు కలిసి లోపలి రొద 79 దాకా ఉందనుకుంటే, పాటలో మాటలు తెలియడానికి మనం తెలియకుండానే దానికి మరో పది కలుపుతాం. 89 దగ్గర వారానికి అయిదు గంటలే చెల్లు, మన మనిషి పన్నెండు గంటలు వింటున్నాడు. కోటాకు రెండు రెట్ల కన్నా ఎక్కువ.

ఇదే మనిషి చెవి రంధ్రానికి సరిగ్గా పట్టే రబ్బరు బుడిపెలున్న ఇయర్‌ఫోన్లు గాని, బయటి రొదను తగ్గించే నాయిస్ క్యాన్సిలింగ్ బడ్స్ గాని వాడి, ఆ రొదలో పద్నాలుగు డెసిబెల్స్ తగ్గించుకోగలిగితే 75 దగ్గరే పాట హాయిగా వినిపిస్తుంది. అప్పుడు పన్నెండు గంటలు విన్నా ఖర్చయ్యేది వారపు కోటాలో పదో వంతు. సౌండుకు ఏ తాళమూ వేయకుండా వచ్చిన లాభమిది. రెండు వేల రూపాయల లోపు కూడా ఇటువంటివి దొరుకుతున్నాయి గాని, పనితనంలో తేడాలు చాలా ఉన్నాయి. కొనేముందు దుకాణం ఏసీ గదిలో కాక, బయట రోడ్డు మీద పెట్టుకుని చూడటం మంచిది. బుడిపెలు మూడు సైజుల్లో వస్తాయి, చెవికి పట్టని సైజు పెట్టుకుంటే ఎంత ఖరీదైనదైనా రొద లోపలికి వస్తుంది, సౌండు పైకి పోతుంది. ఒక జాగ్రత్త తప్పనిసరి: బస్సు దిగి రోడ్డు దాటేటప్పుడు వాటిని తీసేయాలి. బెంజ్ సర్కిల్‌లో హారన్ వినిపించకపోవడం వినికిడి లోపం కన్నా త్వరగా ప్రాణం మీదికి తెస్తుంది.

ఎముక ద్వారా వినిపించే హెడ్‌ఫోన్ల గురించి కొందరు అడుగుతుంటారు. శబ్దం కర్ణభేరి నుంచి వచ్చినా చెంప ఎముక నుంచి వచ్చినా చేరేది లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే కాక్లియాకే. చెవి తెరిచి ఉండటం వల్ల రోడ్డు మీద కొంత మేలు, బస్సులో మాత్రం కీడే, ఎందుకంటే రొదను అవి ఏమాత్రం ఆపవు.

డబ్బా మీద 85తో పాటు 105 డెసిబెల్స్ అనో 110 డెసిబెల్స్ అనో మరో అంకె కనిపించవచ్చు. దానిని చూసి కంగారు పడనక్కరలేదు, నమ్మనూ అక్కరలేదు. అది సెన్సిటివిటీ, అంటే ఒక మిల్లీవాట్ శక్తి ఇస్తే ఎంత శబ్దం వస్తుందన్న కొలత. హద్దు కాదు. అయితే ఒకే ఫోనుకు, ఒకే మెట్టులో, ఈ అంకె ఎక్కువ ఉన్నది సాధారణంగా గట్టిగా మోగుతుందని ఊహించడానికి పనికివస్తుంది.

ఇంట్లో కొలిచి చూడాలనుకునేవారు ఫోనులో దొరికే శబ్దం కొలిచే యాప్‌ను హెడ్‌ఫోన్ కప్పు దగ్గర పెట్టి అంకె చదువుతారు. ఆ అంకె నిజమైన డెసిబెల్ కాదు, చెవి లోపలి స్థితి వేరు. రెండు హెడ్‌ఫోన్లను ఒకే పాటతో, ఒకే మెట్టులో, ఒకే రీతిగా పెట్టి పోల్చితే ఏది ఎంత ఎక్కువో తెలుసుకోవడానికి మాత్రం అది చాలు. యాప్ అవసరం లేని పరీక్ష కూడా ఒకటుంది: చేయి చాచినంత దూరంలో నిలబడి మామూలు గొంతుతో పిలిస్తే వింటున్నవారికి ఆ మాటలు తెలియకపోతే సౌండు ఎక్కువైనట్లే. నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్నవాటికి ఈ పరీక్ష చెల్లదు.

ఎంపిక మనిషిని బట్టి ఇలా ఉంటే బాగుంటుందని నా అభిప్రాయం. పన్నెండేళ్ల లోపు పిల్లలకు హెడ్‌ఫోనులోని హద్దు ఒక్కటే చాలదు, ఫోనులో తాళం కూడా ఉండాలి, రెండూ కలిసినా రోజుకు గంట మించనివ్వకూడదు. ఇంట్లో పాఠాలు వినడానికైతే అసలు హెడ్‌ఫోనే వద్దు, బల్ల మీద చిన్న స్పీకర్ పెడితే సరిపోతుంది, పక్కగదిలోని పెద్దవారికి కొంత విసుగు తప్పదు. కాలేజీ పిల్లలకు తాళం వేస్తే తీసేస్తారు, వారికి రొద తగ్గించే బడ్స్ కొనిచ్చి, ఫోనులోని వారపు లెక్కను చూసుకోవడం నేర్పడం మేలు.

ఆటోనగర్‌లో లేత్ మీదో, లారీల బాడీ బిల్డింగ్ షెడ్డులోనో పనిచేసేవారి లెక్క పూర్తిగా వేరు. కర్మాగారాల నియమాల్లో ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ దాకా అనుమతి ఉంది. అటువంటి చోట పగలంతా గడిపిన చెవికి పాటల కోసం మిగిలేది ఏమీ లేదు. పని మోతను మరిపించడానికి సుత్తి దెబ్బల మధ్య ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాటలు వినేవారిని చూశాను. వారికి ముందు కావలసినది సౌండు హద్దు ఉన్న ఇయర్‌ఫోన్ కాదు, చెవి రక్షణ ప్లగ్గులు.

ఇంట్లో పెద్దవారు ప్రవచనం వింటూ సౌండు పెంచుకుంటూ పోతుంటే వారికి హద్దు పెట్టకండి. అది గట్టిగా వినాలన్న సరదా కాదు, వినిపించకపోవడం. పెద్ద శబ్దాల వల్ల కలిగే వినికిడి లోపం మొదట 4000 హెర్ట్జ్ పరిసరాల్లో కనిపిస్తుంది. వయసుతో వచ్చే లోపం కూడా ఎక్కువ హెర్ట్జ్ ఉన్న కీచు శబ్దాల నుంచే మొదలవుతుంది. అందుకే శ, స వంటి ఊష్మాక్షరాలు ముందు జారిపోతాయి, "మాట వినబడుతోంది గాని తెలియడం లేదు" అని వారు చెప్పేది అక్షరాలా నిజం. వారికి కావలసినది వినికిడిని కొలిచే ఆడియోగ్రామ్ పరీక్ష. అదే మాట, పాటలు ఆపాక చెవిలో గుయ్‌మంటోందని చెప్పే పదిహేనేళ్ల పిల్లల విషయంలోనూ వర్తిస్తుంది. ఆ మోత కొన్ని గంటల్లో తగ్గిపోవచ్చు గాని, చచ్చిపోయిన లోపలి రోమకణాలు మళ్లీ మొలవవు.

మా మేనల్లుడు తీగను తిప్పలేని విధంగా నేను రెండు కొనలకూ టేపు చుట్టాను, మూడో రోజుకు ఊడదీశాడు. చివరకు ఆ హెడ్‌ఫోను మా అక్క కంప్యూటరుకు చేరింది. వాడికి లోపలే హద్దు ఉన్న బ్లూటూత్ రకం ఒకటి తెచ్చి, వాడు వాడే ఫోనులో ఏడో మెట్టు దగ్గర పిన్‌తో తాళం వేశాం. పిన్ వాడి పుట్టినరోజు కాకూడదని మాత్రం ముందే జాగ్రత్త పడ్డాం.